సముద్రం దాకా రెండు బళ్ళు

కోస్తా జిల్లాల సోదరీమణులు నవ్వుకోకూడదు గానీ, మా హిందూపురం వాళ్ళకు సముద్రమంటే క్యాలెండరు బొమ్మే. పెళ్ళయిన కొత్తలో మద్రాసు వెళ్ళి మెరీనాలో పాదాలు తడుపుకుని వచ్చినవాళ్ళు మా వీధిలో ఇప్పటికీ ఆ ఫోటోను హాల్లో పెట్టుకుంటారు. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసగా పెట్టుకుని పెరిగిన ప్రాణాలు మావి. అందుకే మా వదిన పోయిన నెలలో ఫోను చేసి, "సంక్రాంతి అయినాక సముద్రానికి పోతాండాను, నా బండి మీద. నువ్వొస్తావా?" అని అడిగితే నాకు చేతిలోని గరిటె జారిపోయినంత పనైంది.

వదినంటే మా పెద్దన్నయ్య భార్య. పెనుకొండలో ఉంటుంది. అన్నయ్య పోయి నాలుగేళ్ళు. వయసు యాభై ఆరు. చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. అన్నయ్య పోయాక స్కూటరు నేర్చుకుంది. ఇష్టమై కాదు, బడికి ఆటోలు దొరక్క. ఆ ఆటోలు దొరికి ఉంటే ఈ వారం నేను మీకు వేరే ఏదో ఊరగాయ సంగతి రాస్తూ ఉండేదాన్ని!

ఇంతకూ ఈ ప్రయాణం వదిన బుర్రలో పుట్టింది కాదు. అన్నయ్యది. ఆయనకొక బుల్లెట్టు ఉండేది. ఆదివారం పూట దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఆయన తన కళ్ళజోడు కూడా తుడుచుకోలేదు. "ఎప్పటికైనా దీని మీద పడమటి సముద్రం దాకా పోవాల, ఆ ఒడ్డెంబడి నూరు కిలోమీటర్లు నడపాల" అని ఆయన అంటూంటే మేమంతా విన్నవాళ్ళమే. వదిన కూడా వింటూ, ఆ వెనక సీటు తనదే అనుకుంటూ ఇరవయ్యేళ్ళు గడిపింది. మొన్న వేసవిలో అటక సర్దుతుంటే ఆయన పాత డైరీ దొరికింది. అందులో ప్లానంతా ఉంది... ఊళ్ళు, కిలోమీటర్లు, పెట్రోలు లెక్క, ఖర్చు. "లాడ్జి, సింగిల్ రూము" అని కూడా ఉంది. భోజనం ఖర్చు ఒక్క మనిషికే వేసుకున్నాడు మహానుభావుడు!

నేనైతే ఏడ్చేదాన్ని. వదిన నవ్వింది. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "సరేలే, ఆయన రూము ఆయన చూసుకున్నాడు, నా రూము నేను చూసుకుంటా" అంది. అంతే, ఇక ఆగలేదు. ఆ డైరీ ఇప్పుడు నా డైనింగు టేబుల్ మీద ఉంది. దాన్ని దిద్దే పని నాది, వదినది, మా ధర్మవరం చెల్లెలిది. ఈ చెల్లెలు మా పిన్ని కూతురు. మగ్గం ఉన్న ఇంట్లో పడింది. పొద్దున లేస్తే కండెలు చుట్టడం, రంగుల పట్టు విడదీయడం. నలభై నాలుగేళ్ళు వచ్చినా సముద్రం చూడలేదు. "సముద్రం రంగు అని షావుకారు నూలు ఇస్తాడక్కా, అది నిజంగా అట్లే ఉంటుందా?" అని అడిగింది. చెప్పడానికి నాకేం తెలుసు?

కాబట్టి జట్టు ఇది: మా వారి మూడువందల యాభై సీసీ బండి మీద మా వారు, వెనక నేను. వదిన నూట ఇరవై అయిదు సీసీ స్కూటరు మీద వదిన, వెనక చెల్లెలు. రెండు బళ్ళు, నలుగురం. మా వారు మొదట్లో "మనం ముగ్గురం కారులో పోదాం, అక్కను కూడా కూర్చోబెట్టుకుందాం" అన్నారు. వదిన కాఫీ గ్లాసు కింద పెట్టి, "అయ్యా, నేను సీటు అడగల్యా" అంది. ఆ మాట మీద సంభాషణ ముగిసింది.

దారి ఎటు? ఇక్కడొక విశేషం చెప్పాలి. తూర్పు సముద్రమైనా పడమటి సముద్రమైనా హిందూపురానికి ఇంచుమించు ఒకటే దూరం. మన ఆంధ్రా తీరం తక్కువదేం కాదు. విశాఖ నుంచి భీమునిపట్నం దాకా పోయే బీచి రోడ్డు ఎంత అందమో చూసినవాళ్ళకు తెలుసు. కానీ అది మాకు దేశాంతరం. పైగా తూర్పున సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ అందులోకి దిగడు. పొద్దున్నే అయిదింటికి లేచి చూసే ఓపిక ఉన్నవాళ్ళకు తూర్పు, సాయంత్రం తీరిగ్గా చెక్కిలికి చెయ్యి పెట్టుకుని చూసేవాళ్ళకు పడమర. మేం రెండో రకం. ఇక పడమటికి దారంటారా, మాకు కూతవేటు దూరంలో, గౌరీబిదనూరు మీదుగా పోయే 69వ నంబరు జాతీయ రహదారి ఉంది. చిత్తూరు దగ్గర మొదలై, చింతామణి, చిక్కబళ్ళాపురం, గౌరీబిదనూరు, మధుగిరి, శిర, హుళియారు, కడూరు, శివమొగ్గ, సాగర దాటుకుంటూ పోయి పోయి హొన్నావర దగ్గర సముద్రపు ఒడ్డున ఆగుతుంది. నేను ఎన్నిసార్లు గౌరీబిదనూరు సంతకు ఆ రోడ్డు మీద పోయానో! అదే రోడ్డు పట్టుకుని ఎక్కడా తిరక్కుండా పోతే సముద్రం వస్తుందని ఒక్కరూ చెప్పలేదు.

మేం మాత్రం మడకశిర మీదుగా శిరకు పోయి అక్కడ దాన్ని అందుకుంటాం, దూరం కొంత తగ్గుతుంది. హిందూపురం నుంచి హొన్నావరకు నాలుగువందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అన్నయ్య డైరీలో అది ఒక్క రోజు! "ఉ. 4కు బయలుదేరుట, సా. 5కు సముద్రం" అని రాసుకున్నాడు. మధ్యలో రెండే రెండు ఆగడాలు, రెండూ టీకి. మగవాడికి రోడ్డంతా తన దొడ్డే కదమ్మా. ఏ చెట్టు కనిపించినా చాలు. మనకట్లా కుదురుతుందా?

నవ్వుతాలకు అనడం లేదు. ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. దీన్ని గురించి ఎవరూ రాయరు గనక నేను రాస్తున్నాను. మా రిహార్సలు కథ చెబితే మీకే తెలుస్తుంది.

ఒకేసారి అంత దూరం వద్దు, ముందు మన ఊళ్ళల్లోనే తిరిగి చూద్దాం అన్నారు మా వారు. మంచి మాట, మీరూ పాటించండి. ఒక ఆదివారం తెల్లవారుజామున హిందూపురంలో బయలుదేరి సోమందేపల్లి మీదుగా పెనుకొండ, అక్కడ వదినను కలుపుకుని ధర్మవరం, మధ్యాహ్నం చెల్లెలింట్లో భోజనం చేసి, దాన్ని స్కూటరు మీద ఎక్కించుకుని తిరుగుదారి. చీకటి పడేసరికి హిందూపురం. పోను రాను నూటడెబ్బై కిలోమీటర్లకు తక్కువ లేదు. ముప్పై ఏళ్ళుగా బస్సులో పోతూనే ఉన్న దారి కదా, ఇందులో కొత్తేముంటుంది అనుకున్నాను.

కొత్త ఏమిటో పెనుకొండ దాటి బెంగుళూరు–హైదరాబాదు హైవే ఎక్కగానే తెలిసింది. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి కొత్త కార్లను వరసగా పేర్చుకుని పోయే ఆ పొడవాటి లారీలు మాకు అలవాటే. బస్సు కిటికీలోంచి చూస్తే అవి బొమ్మల కొలువులా ఉంటాయి. స్కూటరు పక్క నుంచి పోతే మాత్రం, ముందు గాలి మనల్ని అవతలికి తోస్తుంది, లారీ తోక దాటగానే ఇవతలికి లాగుతుంది. వదిన ఒక్కసారి తూలింది. వెనక నుంచి చూస్తున్న నా గుండె ఆగింది. ఆవిడ మాత్రం బండి పక్కకు ఆపి, నీళ్ళు తాగి, "ఈసారి అది వస్తాందని అద్దంలో చూసినప్పుడే చేతులు వదులుగా పెట్టుకుంటా. బిగబట్టితే ఇంకా తోస్తాది" అంది. అది నిజమేనట. హ్యాండిలు ఎంత బిగబడితే బండి అంత వణుకుతుందని మా మెకానిక్కు కూడా చెప్పాడు.

అసలు ముప్పు తిరుగుదారిలో జరిగింది. చెల్లెలు ధర్మవరంలో బయలుదేరే ముందు గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. దారిలో తాగమన్నా తాగదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. రెండు గంటలకు తలనొప్పి మొదలై, పెనుకొండ చేరేలోపు కళ్ళు తిరుగుతున్నాయంది. స్కూటరు వెనక కూర్చున్న మనిషి కళ్ళు తిరిగి ఒక పక్కకు ఒరిగితే ఏమవుతుందో ఊహించండి. ఓ పెట్రోలు బంకులో ఆపాం. మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఉన్నవాడు భోజనానికి వెళ్ళాడట! వదిన అక్కడున్న కుర్రాణ్ణి, తన బడిలో అయిదో తరగతి పిల్లవాణ్ణి అడిగినట్టే, "ఏం నాయనా, తాళంచెవి భోజనం చేసి వచ్చేదాకా మేం నిలబడాల్నా?" అని అడిగింది. తాళం వచ్చింది.

అమ్మాయిలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పెట్రోలు బంకుల్లో గాలి, మంచినీళ్ళు, మరుగుదొడ్డి వాహనదారులకు ఉచితంగా ఉండాలి. అది వాళ్ళు పెట్టే భిక్ష కాదు, వాళ్ళు పాటించవలసిన నిబంధన. పెట్రోలు పోయించుకోకపోయినా అడగవచ్చు. ఆ రోజు రాత్రి కూర్చుని అన్నయ్య డైరీ మీద మేం చేసిన మొదటి దిద్దుబాటు ఇదే: ప్రతి అరవై, డెబ్బై కిలోమీటర్లకు ఆగడం, ఆగిన ప్రతిచోటా గ్లాసెడు నీళ్ళు తాగడం. "వద్దులే, తర్వాత చూద్దాం" అనే మాట నిషేధం. దాంతో రోజుకు నాలుగువందల కిలోమీటర్లు కాస్తా నూటడెబ్బైకి దిగింది. మూడు రోజుల యాత్ర ఏడు రోజులైంది. మా వారు గొణిగారు. గొణగనీయండి.

దిద్దిన ప్లాను ఇలా తేలింది. మొదటి రోజు మడకశిర, శిర, హుళియారు, బాణావర మీదుగా కడూరు. ఇదంతా మన సీమ లాంటి దారే, కొబ్బరి తోటలు ఎక్కువ. రెండో రోజు శివమొగ్గ దాటి సాగర. మూడో రోజే అసలు రోజు. సాగర నుంచి ముప్పై కిలోమీటర్లలో జోగ్ జలపాతం. శరావతి నది 253 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. జనవరిలో అది సన్నబడి ఉంటుంది, ఎగువన లింగనమక్కి ఆనకట్ట నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి. నిండుగా చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరులో వెళ్ళాలి. కానీ ఆ నెలల్లో ఆ కనుమల్లో బండి నడపడమంటే కొళాయి కింద తల పెట్టి నడిపినట్టే. మా అనంతపురం వైపు ఏడాది మొత్తానికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకుంటాం. ఆ తీరంలో మూడు వేలకు పైనే పడుతుంది, అదీ చాలావరకు జూను నుంచి సెప్టెంబరు లోపల. జలపాతం నిండుదనమా, రోడ్డు పొడిదనమా అంటే మేం రోడ్డునే ఎంచుకున్నాం. జలపాతం సన్నగా ఉన్నా మాకు చాలా ఎక్కువే లెండి.

జోగ్ దాటాక గేరుసొప్ప కనుమ. దట్టమైన అడవి, మలుపు మీద మలుపు, ఆ అడవుల్లో సింగలీకాలుంటాయి. సాగరలోనే రెండు ట్యాంకులూ నింపుకుని దిగాలని రాసుకున్నాం. స్కూటరు ట్యాంకు అయిదు లీటర్లే కదా. ఇంకో సంగతి: కనుమ ఎక్కడం కంటే దిగడమే స్కూటరుకు కష్టం. గేర్ల బండి అయితే చిన్న గేరులో వేసుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. స్కూటరుకు ఆ పట్టు చాలదు, భారమంతా బ్రేకుల మీదే. ఇద్దరు మనుషులు, సామాను. పట్టి పట్టి బ్రేకులు వేడెక్కితే పట్టు తప్పుతాయి. అందుకే మెల్లగా దిగడం, రెండు బ్రేకులూ కలిపి విడతలు విడతలుగా నొక్కడం, మధ్యలో రెండు మూడు చోట్ల ఆపి చల్లారనివ్వడం. బయలుదేరే ముందే బ్రేకు షూలు కొత్తవి వేయించమని వదినకు గట్టిగా చెప్పాను. దీనికి మాత్రం బేరం లేదు.

కనుమ దిగితే హొన్నావర. అక్కడ శరావతి సముద్రంలో కలుస్తుంది. దాని పక్కనే కాసరకోడు బీచి. శుభ్రతకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో దానికి వచ్చింది. ఆ రాత్రికి మరో ముప్పై కిలోమీటర్ల లోపున్న మురుడేశ్వరలో మకాం. మూడు వైపులా సముద్రం, గుట్ట మీద 123 అడుగుల శివుడు, ఎదురుగా ఇరవై అంతస్తుల గోపురం. జనవరిలో అక్కడ ఆరుంబావు దాటాక సూర్యుడు మునుగుతాడు. అయిదింటికల్లా బండి దిగి, కాళ్ళు చాపుకుని ఇసుకలో కూర్చోవాలి. చీకటి పడ్డాక చక్రం కదలకూడదని మా రెండో దిద్దుబాటు.

నాలుగో రోజు కోసమే ఇదంతా. మురుడేశ్వర నుంచి భట్కళ, బైందూరు, మరవంతె, కుందాపుర, ఉడుపి. 66వ నంబరు రహదారి మీద దాదాపు నూరు కిలోమీటర్లు. అన్నయ్య "ఒడ్డెంబడి నూరు కిలోమీటర్లు" అన్నది ఇదే. అందరూ చెప్పే చోటు మరవంతె. అక్కడ రోడ్డుకు ఒక పక్క అరేబియా సముద్రం, ఇంకో పక్క సౌపర్ణికా నది, మధ్యలో రోడ్డు ఒక్కటే. అన్నయ్య డైరీలో ఈ పేరు కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. అందంగా ఉందని నీళ్ళలోకి దిగకూడదు సుమా, అక్కడ అలల లాగుడు ఎక్కువ. ఒడ్డున కూర్చుని చూడాల్సిన సముద్రం అది.

భట్కళ పేరు రాగానే వదిన, సోషలు టీచరు కదా, పాఠం మొదలుపెట్టింది. విజయనగర రాజుల కాలంలో అరబ్బు గుర్రాలు ఓడల్లో వచ్చి దిగిన రేవు అదేనట. ఆ గుర్రాలు కనుమలెక్కి పైకి వచ్చేవి. 1565లో రాక్షసి తంగడి యుద్ధం ఓడిపోయాక రాజధాని పెనుకొండకు మారింది. "ఆ దినం గుర్రాలు ఆడి నుంచి ఈడికి వచ్చె, ఇప్పుడు పెనుకొండ గుర్రం ఈడి నుంచి ఆడికి పోతాది" అని స్కూటరును తట్టింది. చెల్లెలు నవ్వలేక చచ్చింది.

అయిదో రోజు ఉడుపిలో పూర్తిగా విశ్రాంతి. కృష్ణుడి దర్శనం, సాయంత్రం మల్పె బీచి. ఆరో రోజు ఆగుంబె కనుమ ఎక్కి తీర్థహళ్ళి మీదుగా శివమొగ్గ. ఏడో రోజు ఇల్లు. ఆ చివరి రోజు ఒక్కటే రెండువందల యాభై కిలోమీటర్లు పడుతుంది. ఇంటి దారి గనక మొయ్యగలం అనుకుంటున్నాం. కాళ్ళు వద్దంటే కడూరులో ఆగిపోతాం. మొత్తం తొమ్మిదివందల యాభై కిలోమీటర్ల చిల్లర. పెట్రోలు స్కూటరుకు ఇరవై రెండు లీటర్లు, మా వారి బండికి ఇరవై ఎనిమిది చాలు. రూములు రోజుకు రెండు. మగాయనకు ఒకటి, ముగ్గురు ఆడవాళ్ళకు ఒకటి. అవునమ్మా, ఈ ఏడు రోజులు మా వారిదే సింగిల్ రూము! డబ్బు సంగతీ చెప్పేస్తాను. వదిన తన చీటీ ఎత్తింది. చెల్లెలు కండెల కూలిలో దాచింది తెచ్చింది, మేమిస్తామంటే ముఖం ఎర్రగా చేసుకుంది. తీసుకోలేదు.

వెనక సీటు గురించి నాలుగు మాటలు, ఎందుకంటే మనలో ఎక్కువమంది కూర్చునేది అక్కడే. చీర వద్దు. ముప్పై ఏళ్ళు చీరలోనే ఒక పక్కకు కూర్చుని పోయినదాన్ని చెబుతున్నాను, బజారుకు వేరు, కనుమకు వేరు. ఒక పక్కకు కూర్చుంటే బండి బరువు ఒకవైపే పడుతుంది, మలుపులో నడిపేవాళ్ళకు నరకం. నూలు ప్యాంటు, పొడుగు చేతుల కుర్తా, పాదాలు మూసే బూట్లు. చున్నీ అసలే వద్దు. ఎక్కడ ఎగిరి చక్రంలో చుట్టుకుంటుందో చెప్పలేం. నా చున్నీ ఆ రిహార్సలు రోజు అంచు నల్లబడి వచ్చింది. అది చూసి మా వారి ముఖం కూడా నల్లబడింది. హెల్మెటు వెనకున్నవాళ్ళకూ తప్పనిసరి, చట్టం నడిపేవాళ్ళకొక్కరికే చెప్పలేదు. ఐఎస్ఐ గుర్తున్నదే కొనండి. జడ కిందికి, మెడ దగ్గర వదులుగా వేసుకుంటేనే హెల్మెటు కుదురుగా కూర్చుంటుంది, కొప్పు వేస్తే పైకి లేస్తుంది. మాటలు గాలికి వినబడవు కాబట్టి సైగలు పెట్టుకున్నాం. భుజం మీద ఒక్కసారి తడితే మెల్లగా, రెండుసార్లు తడితే ఆపు. వెనకున్న మనిషి రెండుసార్లు తట్టాక "ఇంకో అయిదు నిమిషాలు" అనే హక్కు ముందున్న మనిషికి లేదు. మా వారితో ఇది ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది.

తేదీ ఎవరిని బట్టి పెట్టాలి? మా వారి సెలవును బట్టి కాదు, చెల్లెలి నెలసరిని బట్టి పెట్టాం. ఇందులో సిగ్గెందుకు? అది వాయిదా వేసే మాత్రలు ఎవరో చెప్పారని మింగకండి, డాక్టరమ్మను అడక్కుండా వద్దు. లెక్క తప్పితే తప్పనీ అని సంచిలో ప్యాడ్లు, పాత కాగితాలు, సబ్బు కాగితాలు పెట్టుకున్నాం. నా బీపీ మాత్రలు రెండు చోట్ల, ఒక పొట్లం నా సంచిలో, ఒకటి వదిన దగ్గర. సామాను తడవకుండా ముందు ప్లాస్టిక్కు కవర్లో, తర్వాత సంచిలో. బండికి ఇద్దరెక్కినప్పుడు వెనక టైరులో గాలి ఎక్కువ పట్టించాలి, ఎంతన్నది బండి మీద స్టిక్కరులోనే ఉంటుంది. రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఉప్పుగాలికి ఇనుము ఊరుకోదు, కాబట్టి ఉడుపిలో ఆగిన రోజు రెండు బళ్ళకూ మంచినీళ్ళతో స్నానం, మా వారి బండి గొలుసుకు నూనె.

తిండి సంగతి చెప్పకుండా ఈ పేజీ ఎలా ముగుస్తుంది? ఉడుపి వెళుతూ తిండికి భయమా అనకండి. తీరంలో హోటళ్ళలో పెట్టేది లావు ఉప్పుడు బియ్యం, సన్నబియ్యానికి అలవాటైన కడుపు ఒకటి రెండు రోజులు గొడవ చేస్తుంది. అందుకని రెండు పూటలకు మన సరుకు వెంట ఉండాలి. పలచగా తట్టి, పెనం మీద కాల్చి, మళ్ళీ సన్న సెగ మీద గలగలలాడేలా ఆరబెట్టిన జొన్నరొట్టెలు వారం రోజులు చెడవు. దానికి జత చెనక్కాయల పొడి. పావుకిలో చెనక్కాయ విత్తనాలు సన్న సెగ మీద దోరగా వేయించి, పొట్టు తీయండి. పన్నెండు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర నూనె లేకుండా వేయించి, తగినంత ఉప్పుతో ముందు దంచి, తర్వాత చెనక్కాయలు వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా చేస్తే నూనె దిగి ముద్దవుతుంది. ఇంట్లో అయితే తెల్లగడ్డ వేస్తాం, ప్రయాణానికి తడి తగలకూడదు గనక మానేయండి. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది, కలుపుకుంటే అయిపోయింది. దారిలో నోట్లో వేసుకోవడానికి పుట్నాలు, మా హిందూపురం బెల్లం. బిస్కెట్ల కంటే ఇదే నయం, ఎండలో నీరసం రాగానే ఒక ముక్క వేసుకుని నీళ్ళు తాగితే ప్రాణం లేచొస్తుంది.

ఊళ్ళో ఏమంటున్నారు అంటారా? అంటున్నారు. "మొగుడు పోయిన మనిషికి ఈ తిరుగుళ్ళేంది" అని పెనుకొండలో ఒకావిడ వదిన ముఖం మీదే అంది. వదిన ఆవిడకు ఏమీ బదులు చెప్పలేదు. ఇంటికొచ్చి నాకు ఫోను చేసి, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "ఏమే, నేను ఆయన మీద కోపంతో పోతాండానా, ప్రేమతో పోతాండానా? నాకే తెలవడంల్యా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. "మరవంతెలో దిగినాక చూద్దాంలే వదినా" అన్నాను. "అట్లే కానీ" అని, వెంటనే, బ్రేకు షూలు వేయించానని, పాతవి ఎంత అరిగినాయో చూస్తే నీకు గుండె ఆగుతుందని చెప్పింది.

ధర్మవరం చెల్లెలు తన సంచిలో ఇప్పటికే ఒక పొట్లం సర్దుకుంది. ఆ సముద్రం రంగు పట్టు నూలు, ఒక చిన్న లడి. ఒడ్డున నీళ్ళ పక్కన పెట్టి చూస్తుందట. రంగు కలవకపోతే షావుకారుతో పేచీ పెట్టుకోవడానికి నన్ను సాక్షిగా రమ్మంది.